కాఫీ కేకు, మైమూనా గుడ్లు

గుంటూరు జిల్లా పిడుగురాళ్లలో, సున్నపు బట్టీల వెనక వీధిలో కాపురముంటున్న ఆదిలక్ష్మమ్మ, కీర్తిశేషులు వీరయ్య గారి భార్య, వయసు యాభై ఎనిమిది, స్వహస్తంతో రాసిన వీలునామా. ఎల్లుండి గుంటూరులో నా కడుపుకు ఆపరేషను. నా బుద్ధి స్థిరంగానే ఉంది. స్థిరంగా లేనివి కాళ్లూ చేతులే. ఇది రాస్తూ నాలుగుసార్లు లేచి పొయ్యి చూసొచ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఎవరి బలవంతమూ నామీద లేదు, అంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

1. ఇల్లు, పెరడు సర్వహక్కులతో నా ఏకైక కుమారుడు నాగేశ్వరరావుకు చెందవలెను. ఈ వీలునామా అమలుపరచే బాధ్యత కూడా వాడిదే. ఏ కాగితమూ చివరిదాకా చదివే అలవాటు వాడికి లేదు గనుక, నాలుగో అంశాన్ని వీధిలో నిలబడి గట్టిగా చదవవలెను.

2. నా రెండు పేటల గొలుసు కోడలు తిరుపతమ్మకు. కాపురానికొచ్చిన కొత్తలో నా కేకు చూసి, "పైన క్రీము లేకపోతే అదేం కేకు అత్తా, రొట్టె గానీ" అన్నది. మర్చిపోలేదు. అయినా మొన్న జ్వరంలో పది రోజులూ నా తల దువ్వింది ఆ పిల్లే. సంతోషంగా ఇస్తున్నాను.

3. ఆ కేకు చేసే విధానం కూడా తిరుపతమ్మకే. క్వారీ ఇంజనీరు గారింట్లో వంట చేసే రోజుల్లో, వాళ్లావిడ నేర్పింది. కాఫీ తాగుతూ తింటారు గనుక కాఫీ కేకు. మైదా రెండు గ్లాసులు, చక్కెర గ్లాసు, వెన్న అర గ్లాసు, పుల్లపెరుగు గ్లాసు, గుడ్లు మూడు, వంటసోడా చెంచా. పైన చల్లడానికి చక్కెర, మైదా, దాల్చినచెక్క పొడి, గట్టి వెన్న వేళ్లతో నలపవలెను. ఇనుప దాకలో ఇసుక కాచి, దానిమీద గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోయవలెను. ముప్పావుగంట మూత ముట్టరాదు. ముట్టరాదు.

4. అసలు సంగతి ఇది. తొమ్మిదేళ్ల క్రితం ఇంజనీరు గారికి బదిలీ అయితే, వీడ్కోలుకు కేకు నేను చేస్తానన్నాను. వీధంతా మా వాకిట్లో చేరింది. పెరట్లో పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే. ఇసుక కాగేదాకా ఓపిక పట్టలేక, బట్టీ నుంచి అప్పుడే దించిన వేడి సున్నపురాళ్లు దాకలో పరిచాను. పావుగంట కాకముందే తడిగుడ్డతో మూత ఎత్తాను. గుడ్డ నీళ్లు కారి రాళ్లు బుసబుసా పొంగి విచ్చిపోయాయి. సున్నమంతా కేకులో పడింది. ముప్పై ఏళ్లు బట్టీ పక్కన బతికినదాన్ని, నాకు తెలియదా? రాళ్లు ఎవరూ చూడకుండా పారబోసి వచ్చి, "మైమూనా గుడ్లు మురిగినయ్" అని అందరి ముందూ అన్నాను.

మైమూనా మా గోడ అవతలి మనిషి. కోళ్లు పెంచి గుడ్లు అమ్ముకునేది. ఆ తర్వాత వీధిలో ఎవరూ కొనలేదు. కోళ్లన్నీ తెగనమ్మి క్వారీలో రాళ్లు మోయడానికి పోయింది. "పొద్దున పెట్టిన గుడ్లే గదా అక్కా, ఏంది నువ్వనేది?" అని ఒక్కసారి అడిగింది. నేను మొహం తిప్పుకున్నాను. మళ్లీ అడగలేదు, మా గడపా తొక్కలేదు. ఆమె గుడ్లు మంచివి. తప్పు నాది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

5. నా ఇనుప దాక, మూత, కేకు గిన్నె మైమూనాకు.

6. వీలునామా మనిషి పోయాక తెరిచేది. అంతవరకు ఆగవలెను. ఆగలేకపోయాను. ఈ ఉదయమే గోడ అవతలికి పోయి నాలుగో అంశం చదివాను. మైమూనా చేటలో బియ్యం ఏరుతూ విన్నది, తల ఎత్తలేదు. చివరికి, సాక్షి సంతకం తానే పెడతానన్నది. వస్తువు పుచ్చుకునేవాళ్లు సాక్షిగా ఉండరాదని, మొదటి సాక్షిగా నా వెంట వచ్చిన ప్రభుదాసు మాస్టారు చెప్పారు. "అట్టయితే దాక నాకొద్దు, కొట్టెయ్. నా గుడ్లు మంచియ్యని రాసినకాడ నా పేరుండాల" అన్నది. కనుక అయిదో అంశం రద్దు. నేను లేస్తుంటే, "తిరిగొచ్చినాక చేద్దాంలే అక్కా, మూత కాడ నేను కూసుంటా" అన్నది.

తేదీ: 11 ఫిబ్రవరి 1987, పిడుగురాళ్ల.

(సంతకం) ఆదిలక్ష్మమ్మ

సాక్షులు:
1. ప్రభుదాసు, వృత్తి: రిటైర్డు మాస్టారు.
2. మైమూనా, వేలిముద్ర. వృత్తి: గుడ్ల వ్యాపారం.