బొంత మరిచిన కావడి

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ల్యాబులో ఈ రోజు చూసింది నీకే చెప్పాలనిపించింది.

నువ్వు గీసిన కల్లును పొంగించే ఈస్ట్ ఉంది కదా, దాని కణంలోనూ నీలాంటి మోతగాళ్లున్నారు. మోటార్ ప్రోటీన్లంటారు. తల్లికణం పక్కన మొలిచే పిల్లకణానికి సామాన్లన్నీ అవే చేరవేస్తాయి. నువ్వు కావడిలో కల్లు లొట్టికి ఉట్టి, పెట్టెకు తాడు వేసినట్టే, ఒక్కో సరుకును ఒక్కో తీరుగా పట్టుకుంటాయి. ఈ రోజు చూసిన కణంలో ఆ పట్టుల్లో ఒకటి చెడింది. మిగతావన్నీ పిల్లకు చేరాయి, వాక్యూల్ అనే ఒక సంచి మాత్రం తల్లి దగ్గరే ఉండిపోయింది.

నాకు దేవరకొండ హాస్టల్‌లో చేరిన రోజు గుర్తొచ్చింది. కావడికి ఒకవైపు నా పెట్టె, మరోవైపు బియ్యం వేసుకుని వచ్చావు. బొంతకు తాడు కట్టడం మరిచి, దాన్ని ఇంట్లోనే వదిలేశావు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడువకు బిడ్డా, గిప్పుడే పోయి తెస్త" అన్నావు. నీళ్లైనా తాగకుండా ఊరికి తిరిగి నడిచావు. పొద్దుగూకక ముందే బొంత నా చేతిలో ఉంది.

ఆ పిల్లకణం కాసేపటికి తనే కొత్త సంచి చేసుకుంటుందట. చేసుకోక ఏం చేస్తుంది నాయినా? మరిచింది తేవడానికి వెనక్కి నడిచేవాళ్లు దానికి లేరు.