ఎస్.కోట బస్సు

మార్తా,

ఇది నీకు చేరదని తెలిసే వ్రాస్తున్నాను. నీవు వెళ్ళిపోయి నేటికి ఏడాది. శృంగవరపుకోటలో మీ అక్కగారు తమ ఇంట నీ జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టించారు. నేను ఉదయమే విజయనగరం బస్టాండుకు చేరుకున్నాను.

నా చూపు మరింత మందగించింది. బస్సుకు బోర్డు ఉన్నదని తెలుస్తుంది కాని, అక్షరాలు మరకలుగా కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ వాటిని నాకు చదివి వినిపించినది నీవే. "సీపురుపల్లి" అని నీవు చదివితే "చీపురుపల్లి" అని నేను దిద్దేవాణ్ణి. నీవు నవ్వి, మళ్ళీ "సీ" అనే అనేదానివి.

జీవితమంతా పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి. "ఇది ఏ ఊరి బస్సు?" అని పరాయివారిని అడగడానికి నాకు నోరు రాలేదు. బస్సులు వస్తూనే ఉన్నాయి, వెళ్తూనే ఉన్నాయి. చివరకు చేపల బుట్టతో నిలుచున్న ఒకామె పలకరించింది.

"ఏటి బాబూ, పొద్దుట్నుంచి అలా నిలబడిపోనారు? ఏ ఊరెల్తారు?"

"శృంగవరపుకోటకు వెళ్ళవలెనమ్మా."

"ఆ ఊరెక్కడున్నాదో నాకు తెల్దు. ఎస్.కోటకైతే ఇదిగో, ఈ బస్సే. ఎక్కండి."

శృంగవరపుకోటనే అందరూ ఎస్.కోట అంటారు; నీవుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేదానివి.

నేను వెళ్ళేసరికి ప్రార్థన ముగిసింది. కుర్చీలు మడుస్తున్నారు. నీకు ఇష్టమైన కీర్తన అందరూ కలిసి పాడారట. నేను వినలేదు.

"ఏటి మరిదీ, అంతా అయిపోనాక వచ్చినావు? దారిలో ఏటైనా అయినాదా?" అని మీ అక్కగారు అడిగారు.

బస్సు ఆలస్యమైందని చెప్పాను. బస్సులన్నీ వేళకే వచ్చాయి, మార్తా.