బాలింత గది తలుపు

డిసెంబర్ 3

మున్సిపాలిటీ క్వార్టర్ల ఆడవాళ్లందరినీ ఇవాళ అంగన్‌వాడీ వరండాలో కూర్చోబెట్టారు. తక్కువ ఖర్చుతో ఇల్లు వెచ్చగా ఎట్లా ఉంచుకోవాలో చెప్పడానికి ఒక మేడం వచ్చింది. చిన్న పిల్ల. మా రేకుల ఇళ్ల సంగతి ఈమెకేం తెలుసు అనుకున్నాను. పక్కింటి యాకమ్మ అడగనే అడిగింది — “హీటర్ పెడితే మీటరు ఉరుకుతది, పెట్టకపోతే పండ్లు కొట్టుకుంటయి. ఏం జెయ్యమంటవో నువ్వే జెప్పు మేడం.” అందరం నవ్వాం. మేడం కూడా నవ్వింది. రేకుల కింద అట్టలు కట్టుకోమంది. పగలు ఎండ లోపలికి రానివ్వమంది. పడుకునే చోట వేడినీళ్ల సంచి పెట్టుకోమంది. అన్నీ మంచి మాటలే.

తర్వాత బొగ్గుల కుంపటి మాట ఎత్తింది. సందులన్నీ మూసిన గదిలో పెట్టొద్దట. పొగ పోయి ఎర్రటి నిప్పులయ్యాక కూడా అందులోంచి విషపు గాలి వస్తుందట. వాసన ఉండదు. ముందు తల నొస్తుంది, తర్వాత నిద్ర ముంచుకొస్తుంది...

చేతిలో చాయ్ గ్లాసు. తాగలేదు, కింద పెట్టలేదు.

“మీలో ఎవరింట్లో పెడతారు?” అని అడిగింది. ఒక్క చెయ్యి లేవలేదు. నాదీ లేవలేదు.

డిసెంబర్ 4

అన్నం మాడింది. ఆయన ఏమీ అనకుండా తిని డ్యూటీకి పోయాడు. తిడితే బాగుండేది.

డిసెంబర్ 6

రాయాలి. నోటితో చెప్పలేనిది ఇక్కడైనా.

పోయిన ఏడు ఇదే చలి. నా బిడ్డ సరిత కాన్పయి పదకొండో రోజు. పొద్దున నూనె పెట్టి, కాగిన నీళ్లు పోసి, నులక మంచం మీద పడుకోబెట్టాను. మంచం కింద నిండు కుంపటి. ఇల్లందులో బొగ్గుకు కరువా. మా అమ్మ నాకూ అట్లనే పెట్టింది. కానీ మా అమ్మది పెంకుటిల్లు, సందుల్లోంచి ఆకాశం కనపడేది. నేనేమో మైదాపిండి ఉడికించి, పేపర్లు అంటించి, రేకుకూ గోడకూ మధ్య చీమ దూరకుండా మూశాను. ఎంత బాగా మూశానో వచ్చినవాళ్లకు చూపించుకున్నాను కూడా.

పాప ఏడుస్తుంటే ఎత్తుకొని ముందు గదిలోకి వచ్చాను. తలుపు గట్టిగా వేశాను.

లోపల్నుంచి పిలిచింది. “అమ్మా, తలకాయ నొస్తుందే. జరంత తలుపు తియ్యే.”

నేనన్న మాట — “పచ్చి బాలింతవు, గాలి తగిలితే వాతం జేస్తది. మూసుకొని పండు.”

మళ్లీ పిలవలేదు. హాయిగా నిద్రపట్టిందని సంతోషపడ్డాను.

తలుపు తీసి చూసేసరికి ఒళ్లు చల్లబడింది. జనం రాకముందే కుంపటి పెరట్లోకి మోసుకుపోయి నీళ్లు పోశాను. అప్పుడు నాకేం తెలియదు, తెలియదు అని ఏడాదిగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. తెలియకపోతే ఎందుకు తీశాను?

గుండె ఆగింది అన్నారు. అవ్ అన్నాను.

అల్లుడు నా కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. “నువ్వు జేసినంత ఎవ్వరు జెయ్యలే అత్తమ్మా” అన్నాడు. ఆ మాట తింటూ బతుకుతున్నాను. పాప నేలకొండపల్లిలో అల్లుడి తల్లి దగ్గర ఉంటోంది. నెలకోసారి తెచ్చి నా ఒళ్లో పెడతాడు.

డిసెంబర్ 9

యాకమ్మ బిడ్డ స్వప్నను దవాఖానా నుంచి తెచ్చారు. మగపిల్లవాడు.

“రాజక్కా, మీ కుంపటియ్యి. మాది చిన్నగుంది.”

“పగిలింది” అన్నాను.

“ఇనుపది పగుల్తదా? చలికి నీ బుర్ర గడ్డకట్టినట్టుంది!” నవ్వుకుంటూ యాకమ్మ పెరట్లోకి పోయి తనే తీసుకుంది. మేడం వద్దని చెప్పింది గదా అన్నాను. “ఆ పిల్లకు పెండ్లే కాలే, కాన్పుల సంగతి మనకు జెప్పవట్టె.”

ఎత్తుకొని పోతుంటే చూస్తూ నిల్చున్నాను. అంతే, నిల్చున్నాను.

డిసెంబర్ 10

వాళ్ల కిటికీకి గోనెపట్టా కొడుతున్నారు. సుత్తి చప్పుడు. టీవీ సౌండ్ పెంచాను.

డిసెంబర్ 11

వెల్లుల్లి కారం నూరి తీసుకుపోయాను — లోపలికి పోవడానికి ఒక సాకు. గది గుమ్మం దాటగానే ముఖానికి ఆ వేడి. స్వప్న కళ్లు సగం మూసుకొని ఉంది. పిల్లవాడు పక్కనే. “తలకాయ నొస్తుందా బిడ్డా?” అంటే “జర... పెద్దమ్మా” అంది.

గోనెపట్టా పట్టి గుంజాను. మేకులతో సహా వచ్చింది.

యాకమ్మ ఉరికొచ్చింది. “ఏం జేస్తున్నవే? పచ్చి బాలింతకు గాలి కొట్టిస్తవా? నీ బిడ్డ పోయిందని నా బిడ్డ మీద పడ్డయా నీ కండ్లు?”

అనాల్సిందే. ఎవరైనా అంటారు.

“నా సరితకు గిట్లనే పెట్టిన యాకమ్మా. తల నొస్తుంది, తలుపు తియ్యమన్నది. నేను తియ్యలే.”

యాకమ్మ కొంగు అడ్డం పెట్టి కుంపటి బయటికి ఎత్తుకుపోయింది. వేళ్లు కాలాయి. తిరిగొచ్చి తలుపు బార్లా తీసి, స్వప్ననూ పిల్లవాణ్నీ వరండాలోకి తెచ్చింది. నా ముఖం చూడలేదు.

“మీ ఆయనకు ఎరుకనా?”

“లేదు.”

“అల్లునికి?”

ఇంటికి వచ్చేశాను.

డిసెంబర్ 12

స్వప్న బాగుందట. పిల్లవాడు పాలు తాగుతున్నాడట.

నల్లా దగ్గర యాకమ్మ నా బిందె తన బిందెకన్నా ముందుకు జరిపింది. జాలో, అసహ్యమో.

ఆయనకు చెబుదామని రెండుసార్లు ఎదురుగా కూర్చున్నాను. నీళ్లు కాగబెట్టనా అని అడిగి లేచాను.

డిసెంబర్ 14

అల్లుడు ఫోన్ చేశాడు. “సంవత్సరీకానికి రెండు రోజులు ముందుగాల్నే వస్తం అత్తమ్మా. పాపను నీ పక్కలనే పండబెట్టుకో. నీ చేతులుంటే నాకు రంది లేదు. కాకపోతే రేకుల కింద చలి గదా... గది జర వెచ్చగ బెట్టు.”

ఇప్పుడే చెప్పాలి. చెబితే తీసుకురాడు. చెప్పకుండా ఆ పాపను ఆ గదిలో ఎట్లా పడుకోబెట్టుకోను?

“బిడ్డా...” అన్నాను.

“చెప్పు అత్తమ్మా.”

అవతల పాప ఏదో ఊసులాడుతోంది. నవ్వుతోంది కావచ్చు.

“చెప్పు అత్తమ్మా, ఏంది?”

పాపకు పండ్లు ఎన్ని వచ్చినయి అని అడిగాను.