అబూ హలీఫా గ్యారేజీలో నీ ఫోటో

బావా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. అక్క సంవత్సరీకం జరిపించింది. నేను రాలేదు. సెలవు దొరకలేదని చెప్పాను... అసలు అడగలేదు.

మళ్లీ అబూ హలీఫాలోనే ఉన్నాను, మన గ్యారేజీలోనే. యుద్ధం అయిపోయాక గ్యారేజీ యజమాని, మన కఫీల్, పాతవాళ్లందరికీ వీసాలు పంపాడు. నీ ఒక్కడికే పంపలేదు. ఎందుకని నువ్వు ఎవరినీ అడగలేదు. రాయచోటిలో పంక్చర్లు వేసుకుంటూ ఉండిపోయావు. మోటార్‌సైకిల్ ఎక్కమంటే మోకాలు నొప్పి అనేవాడివి. నిజంగా నొప్పేనా?

ఇక్కడ శుక్రవారం మోటార్‌సైకిల్ పందేలు మళ్లీ మొదలయ్యాయి. కఫీల్ ముసలివాడయ్యాడు, అన్నీ కొడుకే చూసుకుంటున్నాడు. పాత ఛాంపియన్ల ఫోటోలు గ్యారేజీ గోడకు వరసగా తగిలించాడు. ఏటేటా కప్పు గెలిచిన నీ ఫోటో మాత్రం లేదు.

కడప నుంచి కొత్తగా వచ్చినవాళ్లు నీ పేరు విని ఉన్నారు. ఆ మనిషి ఫోటో ఏదని అడిగారు. మనవాళ్లలోనే ఒకడు, ఇరాక్ సైన్యానికి సర్కస్ చేసి చూపించినోడికి ఫోటో ఎందుకన్నాడు. అందరూ నవ్వారు. నేను స్పానర్ తుడుచుకుంటూ ఉండిపోయాను.

వాళ్లకేం తెలుసు? ముందు నువ్వు బండి స్టార్టు కావడానికి వెనకనుంచి తోసేవాడివి, అంతే. ఒకరోజు తోలేవాడు పడి భుజం విరగ్గొట్టుకుంటే, కఫీల్ కొడుకు యల్లా, పద అని నిన్ను ఎక్కించాడు. ఆ బండ్లకు బ్రేకులుండవు. మలుపులో వెనక చక్రాన్ని పక్కకు జారనిచ్చి, ఇనప రేకు కట్టిన ఎడమ బూటును ఇసకలో ఆనించి తిప్పుకోవాలి. అక్కడ అందరూ వేగం తగ్గించేవాళ్లు. నువ్వు పెంచేవాడివి.

"బ్రేకుంటే బుద్ధంతా దాని మీదికే పోతాది రా. లేకుంటే దోవ మీద ఉంటాది" అనేవాడివి.

మొదటి కప్పు చేతికిచ్చినప్పుడు, "ఇంత గ్లాసు తీసుకపోయి టీ అడిగితే హోటలోడు తంతాడు" అన్నావు. అన్నేళ్లలో పందెంలో నువ్వు పడటం నేను చూడలేదు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆ ఆగస్టులో కొళాయిలు ఆగిపోయాయి. గ్యారేజీలో మనతో పాటు మూడు కుటుంబాలు దాక్కున్నాయి. పసిబిడ్డలు ఏడవడం కూడా మానేశారు. గ్యారేజీ వెతకడానికి వచ్చిన అధికారి గోడ మీద నీ ఫోటో చూశాడు. బండి తోలి చూపిస్తే నీళ్లిస్తానన్నాడు.

పందేల మైదానం చుట్టూ సైనికులు కూర్చున్నారు. బండిని వెనకనుంచి తోసింది నేనే. నువ్వు తిరుగుతుంటే చప్పట్లు కొట్టారు, గాల్లోకి కాల్చారు. ఆపబోతే ఇంకొక చుట్టు అన్నారు. నువ్వు పడితే చూడాలని మలుపులో పాత ఇంజన్ ఆయిల్ పోయించారు. పడ్డావు. లేచి ఎక్కావు. మళ్లీ పడ్డావు... చివరికి ఆ అధికారి తన టోపీ నీ తలకు పెట్టి, నీ చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. మైదానం పక్కనున్న కఫీల్ ఇంటి మేడ మీద కిటికీ తెర కదిలింది. కొడుకు చూస్తున్నాడని మనిద్దరికీ తెలుసు.

రెండు క్యాన్లు ఇచ్చారు. కుంటుకుంటూ వెళ్లి ఒకటి కఫీల్ ఇంటి పెరటి తలుపు దగ్గర పెట్టొచ్చావు. రెండోది మా ముందు దించావు.

"వేడెక్కకముందే తాగండి" అన్నావు.

తాగాం. నీ మొహం వంక ఎవరూ చూడలేదు.

ప్రాణాలు దక్కించుకుని జోర్డాన్‌లో శరణార్థుల గుడారాలకు చేరేసరికి నీళ్ల మాట ఎవరి నోటా లేదు. నువ్వు సైన్యం ముందు బండి తోలిన మాటే మిగిలింది. అది పుట్టించింది ఆ నీళ్లు తాగినవాళ్లే. నేను విన్నాను, ఊరుకున్నాను. నీకు తెలిసే ఉంటుంది కదూ?

పోయిన వారం కఫీల్ కొడుకు దగ్గరికి వెళ్లి నీ ఫోటో అడిగాను. ఎందుకోసం తోలావో చెప్పబోతే, నాకు తెలుసు అన్నాడు. ఆ క్యానులో నీళ్లు ముందు తాగింది వాళ్లమ్మేనట. తర్వాత తనూ తాగాడట. ఏం మొహంతో నిన్ను పిలవాలో తెలియక, వీసాలు పంపేటప్పుడు నీ పేరు తానే వదిలేశాడట. ఫోటో బీరువాలో ఉందన్నాడు... ఇవ్వలేదు. ఖలాస్, ఇక చాలు, వెళ్లి పని చూసుకో అన్నాడు.

బయటికొచ్చాను. అతని మీద కోపం రాలేదు. నేను మాత్రం నీ మొహంలోకి ఎప్పుడు చూశాను? సెలవులకు వచ్చినప్పుడల్లా నీ కొట్టు ముందునుంచి కాకుండా వెనక సందులోంచి ఇంటికి పోయేవాణ్ణి.

కప్పు పట్టుకుని దిగిన నీ ఫోటో ఒకటి అక్క దగ్గరుంది. పంపమని రాశాను. అది రాగానే శుక్రవారం, అందరూ వచ్చాక, పందెం మొదలవకముందు గోడకు తగిలిస్తాను. నీళ్ల సంగతి చెబుతాను. తాగినవాళ్లలో నేనొకణ్ణని ముందు చెప్పి, తర్వాత మిగతావాళ్ల పేర్లు చెబుతాను.

నన్ను ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కఫీల్ కొడుకు చేతిలో ఉంది. ఫోటో తీసేస్తే మళ్లీ తగిలిస్తాను. నన్నే పంపించేస్తే, ఈసారి నీ కొట్టు ముందునుంచే వస్తాను.

నీ బామ్మర్ది,
ఓబులేసు