పడవాయన ఇంటికి చేరిన సినిమా

కొంటా,
1991 మార్చి 6.

మిత్రుడు హుంగాకు,

శ్రీరంగం నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, మహాలక్ష్మీ, మా దుకాణమూ క్షేమం. అక్కడ నువ్వూ, మీ ఆవిడ కోసే, పిల్లలూ, నీ రెండు ఎడ్లూ క్షేమమని తలుస్తాను. ఐదేళ్ల తర్వాత వీడికి ఉత్తరం ఎందుకు గుర్తొచ్చిందని విసిరికొట్టకు. పోస్టులో వేస్తే ఏ వానాకాలానికి చేరుతుందో తెలియదు. అందుకని చింతపండు కొనడానికి బాసగూడ వైపు వస్తున్న లక్మా చేతికిస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. నువ్వు తెలుగు నేర్చుకున్నది సినిమా పోస్టర్ల మీద కదా, చిన్న అక్షరాలంటే నీకు మొదటి నుంచీ కోపమే.

నీకు తెలుగు నేర్పింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటాను. మనది మధ్యప్రదేశ్ కాబట్టి బడిలో మనిద్దరికీ హిందీయే చెప్పారు. మా దుకాణం గోడకు అంటించిన పోస్టర్ ముందు నిన్ను నిలబెట్టి, పైన ఉన్న హీరో పేరు వదిలేసి, అన్నిటికన్నా అడుగున ఉన్న 'దర్శకత్వం' అనే మాట ముందు చదవమన్నాను. సినిమా ఎవరిదో తెలియాలంటే కింద చూడాలిరా అన్నాను. ఆ ఒక్క మాట కూడబలుక్కుని చదవడానికి నీకు రెండు సంతలు పట్టింది. అది వచ్చాక మిగతావన్నీ వాటంతటవే వచ్చాయి.

ముందు ఊరి కబుర్లు. దర్జీ ధర్మయ్యకు కళ్లద్దాలు వచ్చాయి, వాదన మాత్రం తగ్గలేదు. మన లిస్టు గుర్తుందా? దుకాణం తలుపుచెక్క లోపలివైపు సుద్దముక్కతో రాసుకున్న పదిమంది దర్శకుల పేర్లు? సంతనాడు డేరా టాకీసులో సినిమా చూడటం, మర్నాడు పొద్దున్నే ఆ చెక్క ముందు చేరి పేర్లు చెరిపి పైకీ కిందకీ మార్చడం, వారం తిరిగేసరికి రెడ్డొచ్చె మొదలాడు. ధర్మయ్యకు కొల్లా భాస్కరం దేవుడు. 'మిరపతోట మొనగాడు'లో ఇరవైమంది కొట్టుకున్నా తోటలో ఒక్క మొక్క విరగలేదని, చేను విలువ తెలిసినవాడని నువ్వు కూడా ఆయనకే ఓటు వేశావు. నాకు పరాంకుశం గారు తప్ప మిగతావాళ్లు దర్శకులే కారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అలా తిట్టుకుంటూనే మనం ఒకే గ్లాసులో టీ పంచుకునేవాళ్లం.

డేరాలో నీ పని కూడా ఈ మధ్య తరచుగా తలుచుకుంటున్నాను. సినిమా తెలుగు, చూసేవాళ్లలో సగానికి పైగా మీ దోర్లీ భాష తప్ప తెలియనివాళ్లు. ఒక్కటే ప్రొజెక్టర్ కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. అప్పుడు నువ్వు తెర పక్కన మైకు పట్టుకుని అయిపోయిన కథా, రాబోయే కథా దోర్లీలో చెప్పేవాడివి. ఆఖరి రీలుకైతే సినిమా నడుస్తుండగానే చెప్పేవాడివి. అడవి దాటి వచ్చినవాళ్లు ఇవాళ ఏం సినిమా అని అడిగేవారు కాదు, హుంగా ఉన్నాడా అని అడిగేవారు. అది ఎంత పెద్ద మాటో అప్పుడు నాకు తట్టలేదు.

ఇక 'తెడ్డు లేని పడవ' సంగతి. రాయక తప్పదు. పరాంకుశం గారి సినిమాల్లో అది నా ప్రాణం. భద్రాచలంలో ముందే చూసి వచ్చాను. కొంటాలో వేసిన రోజు దుకాణంలో ఉప్పు బస్తాలు దిగుతుంటే డేరాకు రాలేకపోయాను. మరుసటి సంతకు జనం వచ్చి, అన్నిటిలోకీ పడవ సినిమాయే మంచిదని ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు. భాస్కరాన్ని చెరిపి పరాంకుశం గారి పేరు జానెడు అక్షరాలతో మొదట రాశాను. అడవిలో ఉన్నవాళ్లకు అర్థమైంది, కత్తెర పట్టినవాడికి అర్థం కాలేదని ధర్మయ్యను అందరిలో ఎగతాళి చేశాను.

అప్పుడే, ప్రతి సంతకూ మా దగ్గర ఉప్పు కొనే గంగే వచ్చింది. ఆ సినిమాలో ఏం నచ్చిందని ధర్మయ్య ఆమెను అడిగాడు. "పడవాయన కింది ఊర్ల ఒడ్డెక్కి, నడుసుకుంట ఇంటికొస్తున్నడు గదా. అదే మంచిగున్నది" అంది. నేను చూసిన సినిమాలో పడవాయన వరదలో పోతాడు. ఖాళీ పడవ ఒక్కటే తిరిగొస్తుంది. ధర్మయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. పహలా నంబర్ పరాంకుశానిది కాదు, హుంగాది, పేరు మార్చవయ్యా అన్నాడు. సంతంతా నవ్వింది.

అంతలో నువ్వు గుమ్మంలోకి వచ్చావు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. "పోస్టర్ సదువుడు నేర్పితే సినిమానే దిద్దేటంత పెద్దోడివైనవా? నీకేం ఎరుకని దాని నోట్ల నీ మాట పెట్టినవ్?" అన్నాను. ఇంకా అన్నాను, అవి రాయలేను. ఎందుకు మార్చావని మాత్రం అడగలేదు. నువ్వు వెనక్కి తిరిగి గుమ్మం దిగుతూ, "వస్త సావుకారి" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నన్ను రంగం అని పిలిచినవాడివి నువ్వొక్కడివే. ఆ సావుకారి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. తర్వాత డేరావాడు నిన్ను మానిపించాడని, నువ్వు అత్తవారి ఊరికి వెళ్లిపోయావని విన్నాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల భద్రాచలంలో ఆ సినిమా మళ్లీ వేశారు. ఆఖరి రీలు వచ్చేసరికి పడవాయన చావు కోసం కాచుకుని కూర్చున్నాను. పడవ ఖాళీగా వచ్చింది. అతని భార్య ఒడ్డున నిలబడి నది వైపు చూసింది. దీపాలు వెలిగాయి. అంతే హుంగా. అతను పోయాడని ఎవరూ అనలేదు. శవం లేదు, ఏడుపు లేదు. పరాంకుశం గారు ఆవిణ్ణి ఒడ్డున నిలబెట్టి ఊరుకున్నారు. ఐదేళ్లుగా ఆ పడవాయన్ని ముంచింది నేనే. నాకన్నా ఆ సినిమాను నువ్వే బాగా చూశావు. ఈ మాట ధర్మయ్య ముందు కూడా ఒప్పుకున్నాను, నాకు అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

ఏప్రిల్ మొదటి సంతకు డేరా మళ్లీ వస్తోంది. వీడియోలు వచ్చి పడ్డాక జనం తగ్గారట, కొంటాకు ఇదే ఆఖరి రాక అంటున్నాడు యజమాని. గంగే ప్రతి సంతకూ వచ్చి పడవ సినిమా మళ్లీ ఎప్పుడని అడుగుతుంది, అందుకని ఆ సినిమాయే తెమ్మన్నాను. కానీ చెప్పేవాళ్లు లేరు. పోయినేడు నేనే మైకు పట్టుకున్నాను. నా దోర్లీ ఉప్పు, పొగాకు బేరానికి సరిపోతుంది గానీ ప్రేమకథకు సరిపోదని తెలిసింది. మూడో రీలుకు నేనూ, ప్రొజెక్టర్ తిప్పేవాడూ మిగిలాం. నువ్వు రావాలి. నువ్వు రాకపోతే ఆ సినిమా వేయించను. చివర ఏం చెబుతావో నీ ఇష్టం, నేను నోరెత్తను.

తలుపుచెక్క మీద మొదటి చోటు చెరిపి ఉంచాను. సుద్దముక్క తక్కెడ పళ్లెంలో ఉంది.

ఇట్లు,
నీ పాత స్నేహితుడు,
శ్రీరంగం.

తాజాకలం: అసలు సంగతి పైన రాయలేకపోయాను. డేరావాడు నిన్ను తనంతట తాను మానిపించలేదు. ఆ సాయంత్రమే నేను వెళ్లి, హుంగా కథలు చెడగొడుతున్నాడు, వాణ్ణి మానిపించకపోతే మా స్థలంలో డేరా వేయనివ్వనని బెదిరించాను. మొన్న అతని దగ్గరికి మళ్లీ వెళ్లి నా తప్పు చెప్పుకున్నాను. ఇది తెలిశాక నువ్వు రాకపోతే నిన్ను తప్పు పట్టను.



బాసగూడ దగ్గర మా ఊరు,
మార్చి 19.

రంగానికి,

హుంగా రాస్తున్న ఉత్తరం. మేం బాగున్నాం. ఎడ్లు ఇప్పుడు మూడు.

నీ ఉత్తరం చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఎవరిదో తెలియాలంటే కింద చూడాలని నువ్వే నేర్పావు కదా, అలవాటు పోలేదు. అందుకని అడుగున ఉన్న తాజాకలమే ముందు చదివాను. చదివి ఉత్తరం మడిచి చూరులో పెట్టేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ నా చెప్పడంలోనే ఏదో తక్కువైందనుకున్నాను రంగం. పెళ్లిళ్లలో కథ చెప్పమని అడిగినా చెప్పలేదు.

మూడో రోజు కోసే ఆ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. పైన ఏం రాశాడో చదవమంది. చదివాను. "ఎడ్ల మంచి కూడా అడిగినోడు పూరా చెడ్డోడు గాడు" అంది. అప్పుడు మిగతాది కూడా చదివాను. మూడో రీలుకు జనం లేచిపోయిన ముక్క కోసేకు నాలుగుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది.

కోపం ఇంకా ఉంది. మైకు పట్టుకున్నాక పోతుందో లేదో చూడాలి. మొదటి సంతకు ఒక రోజు ముందే వస్తాను. లక్మా తెచ్చే చింతపండు లారీలో వస్తాను. కోసే కూడా వస్తానంటోంది. నీ దోర్లీ ఆమెకు వినాలని ఉందట.

లిస్టులో నా పేరు రాయకు. నేను సినిమా తీయలేదు. పరాంకుశం గారి పేరే రాయి. రెండో పేరు భాస్కరానిది. మిరపతోట సంగతిలో నా మాట మారలేదని ధర్మయ్యకు చెప్పు. టీ ఒకే గ్లాసు అంటే మాత్రం కుదరదు, ఇప్పుడు నాకు పూర్తి గ్లాసు కావాలి.

ఇట్లు,
హుంగా.

తాజాకలం: ఎందుకు మార్చావని అడగలేదన్నావు. అందుకని చెబుతున్నాను. గంగే మాకు చిన్నమ్మ అవుతుంది. ఆమె మొగుడు ఉంగ వెదురు తెప్పల మీద శబరి నది కిందికి వెళ్లి, ఆ సినిమా నాటికి రెండు వానాకాలాలు గడిచాయి. తిరిగి రాలేదు. ఉప్పు కొనడానికి వచ్చేవాళ్లు దుకాణంలో ఇవి చెప్పరు, అందుకే నీకు తెలియదు. ఆ రోజు ఆమె తెరకు ముందు వరసలో కూర్చుంది. తెర మీదికి ఖాళీ పడవ వచ్చింది. ఆమె నా వైపు చూసింది, ఏం చెబుతావని. నా నోట, ఇంటికొస్తున్నాడన్న మాటే వచ్చింది.

పోయినేడు ఒక పెళ్లిలో ఆమె కలిస్తే, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. "అప్పుడే ఎరుక. ఆ తెర మీది ఆడామె మొకం, మొగడు కనబడ్డదాని మొకం గాదు. గని నీ మాట మీదనే ఆ ఏడు చేన్ల విత్తులు చల్లిన" అంది. ఉంగ ఇప్పటికీ రాలేదు. ఆ చేను మాత్రం ఏటా పండుతోంది. ముందు వరసలో ఆమెకు చోటు ఉంచు.