గొట్టం ఊదిన ఆదివారం

అమ్మడికి మీ అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. నీ కూతురు పిచ్చుక క్షేమం, నా కుట్టుమిషను క్షేమం, మీ నాన్నగారు కూడా క్షేమమే కానీ నాలుగు రోజులుగా మూతి ముడుచుకుని కూర్చున్నారు. నాతో మాట్లాడ్డం మానేశారు. భోజనం మాత్రం మానలేదు. ఆ సంగతి తర్వాత రాస్తాను. అక్కడ హాస్టల్లో నీ ఒళ్ళు బాగుందనీ, నర్సింగ్ ట్రైనింగు సాఫీగా సాగుతోందనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. వారానికి ఒకసారి మీ హాస్టలువాళ్ళు ఇచ్చే పది నిమిషాల ఫోనులో సగంసేపు నువ్వు ఏడుస్తావు, మిగతా సగం మీ నాన్నగారు లాక్కుంటారు. అందుకే నేనూ కాగితం తీశాను. దీన్ని మధ్యలో ఎవరూ లాక్కోలేరు కదా. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను, ఓపిగ్గా చదువు.

నా మోకాలి నొప్పి తగ్గింది. బడి యూనిఫారాలు ఇంకా కొన్ని కుట్టాల్సి ఉంది, మిషను తొక్కుతూనే ఉన్నాను. పిచ్చుకకి ముందు పన్ను ఊడింది. ఆ పన్నును నా గుండీల డబ్బాలో దాచుకుని రోజుకోసారి తీసి చూసుకుంటోంది. ఫోనులో అది నీతో పొడిపొడిగా మాట్లాడుతోందనీ, బెంగ పెట్టుకుందేమోననీ రాశావు. బెంగ ఉంది, లేకపోవడమేం? కానీ అది పొడిపొడిగా మాట్లాడ్డానికి కారణం బెంగ కాదు. రాస్తాను, తొందరపడకు.

అల్లుడుగారి ఉద్యోగం పోలేదు. మోటార్ల కంపెనీవాళ్ళు ఆయన్ని ఊళ్ళు తిప్పడం మాని ఆఫీసులో ఫోన్లెత్తే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. లైసెన్సు లేని మనిషి కారేసుకుని ఎక్కడికి తిరుగుతారు మరి? రోజూ బస్సులో వెళ్ళొస్తున్నారు. బస్సెక్కితే మనిషి అరిగిపోతాడన్నట్టు మీ నాన్నగారు ఒకటే బాధపడిపోతున్నారు.

అసలు ఈ జనం ధోరణి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతోందే అమ్మడూ. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ "అయ్యో పాపం, పట్టుకున్నారటగా" అన్నవాళ్ళే. "తాగారటగా" అని ఒక్కరి నోటంట రాలేదు. మేడ మీద అద్దెకుండే లెక్కల మాస్టారు "ఆదివారం మధ్యాహ్నం కూడా కాపు కాస్తారా, ఇదేం అన్యాయం" అని మీ నాన్నగారితో కలిసి గంటసేపు పోలీసుల్ని తిట్టిపోశారు. ఇద్దరికీ రెండుసార్లు కాఫీ ఇచ్చింది నేనే. మూడోసారి అడిగితే పాలు విరిగిపోయాయని చెప్పాను.

కోర్టువాళ్ళు వారంపాటు ఆయన్ని నాలుగు రోడ్ల కూడలిలో బోర్డు పట్టుకుని నిలబడమన్నారు కదా. "నేను తాగి కారు నడిపాను, మీరు నడపకండి" అని రాసిన బోర్డు. మీ నాన్నగారు రోజూ గొడుగు, ఫ్లాస్కు పట్టుకుని అక్కడికి బయల్దేరేవారు. అల్లుడుగారు బోర్డు పట్టుకోవడం, మామగారు ఆయనకి గొడుగు పట్టడం! చూసినవాళ్ళు ఇద్దరూ తాగి కారు నడిపారనుకుని ఉంటారు. అనుకుంటే అనుకోనీ, అందులో సగం నిజం ఎలాగూ ఉంది.

ఆ తర్వాత ట్రాఫిక్ పోలీసుల తరగతి. దానికి ఇంట్లోవాళ్ళు ఒకరు తోడు రావాలట. "నేనొచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటే నా పరువేం కావాలి?" అన్నారు మీ నాన్నగారు. నా పరువుకు ఫర్వాలేదు కాబోలు, నన్ను పంపారు. ఆ గది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎర్ర సిగ్నలు దాటేసినవాడొకడు, ఫోను మాట్లాడుతూ లారీ తోలినవాడొకడు, బైకు మీద ముగ్గుర్ని ఎక్కించుకుని హెల్మెట్టు మాత్రం ఇంట్లో భద్రంగా దాచుకున్నవాడొకడు. ఒక్కొక్కడి పక్కన తల్లో పెళ్ళామో తల దించుకుని కూర్చున్నారు. తప్పు చేసింది వాళ్ళు, తలలు వంగింది మావి.

పాఠం చెప్పిన పోలీసమ్మాయి చివర్లో "ఇంట్లోవాళ్ళు లేచి ఒక్కో మాట చెప్పండి" అంది. అందరూ ఒకటే పాట. "మావాడు బంగారమండీ, ఏదో పొరపాటైపోయింది." నా వంతు వచ్చింది. "పొరపాటంటే ఎప్పుడో ఒకసారి జరిగేదండీ. మా ఇంట్లో ఇది ప్రతి ఆదివారం జరుగుతోంది" అన్నాను. అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి.

తిరుగు బస్సులో ఆయన మెల్లిగా అడిగారు. "అత్తయ్యగారూ, అందరి ముందూ అలా అనేశారేంటి?"

"ఎవరూ లేనప్పుడు చెబితే మీరు వినలేదు కదా బాబూ" అన్నాను.

ఆయన మన స్టాపు రాకముందే దిగి నడుచుకుంటూ వచ్చారు.

ఇప్పుడు నీ పెద్ద ప్రశ్న. నీ స్నేహితురాలి తమ్ముడు తాగి దొరికితే జరిమానా కట్టించుకుని, కొన్నాళ్ళు లైసెన్సు ఆపి వదిలేశారట. మొదటిసారే అయినా మీ ఆయనకి జరిమానాతో పాటు రెండు రోజుల జైలు, ఆరు నెలలు లైసెన్సు లేకపోవడం, పైగా ఆ బోర్డు ఎందుకని అడిగావు. ఆ మేజిస్ట్రేటుకి మన మీద ఏం కక్ష అని రాశావు. మీ నాన్నగారు నీకు ఫోనులో చెప్పిన "మహా కఠినుడమ్మా" అన్న మాట నేను పక్కన నిలబడి విన్నాను. నోరు మూసుకుని ఊరుకున్నాను కూడా.

ఆయన కఠినుడు కాదే. కక్షా లేదు. కారులో అల్లుడుగారు ఒక్కరే లేరు. ఒళ్ళో పిచ్చుక ఉంది.

మళ్ళీ చదువుకో. ఒళ్ళో పిచ్చుక ఉంది, స్టీరింగు పట్టుకుని. కోర్టులో ఆ మాట చదివినప్పుడు మేజిస్ట్రేటుగారు కళ్ళజోడు తీసి అల్లుడుగారి వంక చూశారు. "నువ్వొక్కడివే ఉండుంటే జరిమానాతో పోయేది. ఆరేళ్ళ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, బెల్టు కూడా లేకుండా..." అని ఆగిపోయారు. ఆ పెద్దమనిషినే కదా నువ్వు మూడు పేజీలు తిట్టావు.

ఆ ఆదివారం ఏం జరిగిందో రాస్తాను. మీ నాన్నగారి పాత ఆఫీసు స్నేహితుడెవరో మంచి సీసా తెచ్చిచ్చారు. అల్లుడుగారు ఆదివారం వస్తేనే తెరుస్తానని బీరువాలో దాచి మరీ ఉంచారు. భోజనానికి ముందు కూర్చుని ఇద్దరూ తెరిచారు. నంజుకోడానికి పళ్ళెం నిండా వేయించి పెట్టింది నేనే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. మామగారు పోస్తుంటే వద్దనడం మర్యాద కాదని ఆయన తాగారు. గ్లాసు ఖాళీ అయితే పోయకపోవడం మర్యాద కాదని ఈయన పోశారు. ఆ మర్యాదలు ముగిసేసరికి సీసా అడుగంటింది.

భోజనాలయ్యాక పిచ్చుక ఐస్‌క్రీమంది. "పద, నువ్వే నడుపుదువుగాని" అని అల్లుడుగారు లేచారు. నేను అప్పటికే కారు తాళం తీసి గుండీల డబ్బాలో దాచేశాను. ఆయన సోఫా కింద, చొక్కా జేబుల్లో, చెప్పుల స్టాండులో వెతుకుతున్నారు. "ఎండగా ఉంది బాబూ, కాసేపు పడుకుని సాయంత్రం వెళ్దురుగాని" అన్నాను.

ఆయన నవ్వారు. "మీకు తెలీదు అత్తయ్యగారూ. రెండు గ్లాసులు పడితేనే నా చెయ్యి నిలకడగా ఉంటుంది."

మీ నాన్నగారు ఏం చేశారో తెలుసా? నేరుగా మిషను దగ్గరికి వెళ్ళి, డబ్బా మూత తీసి, గుండీలన్నీ బల్ల మీద కుమ్మరించి, తాళం తీసి అల్లుడుగారి చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళు కాపురం చేశారు, నేను ఏది ఎక్కడ దాస్తానో ఆయనకి తెలియదా? పైగా నా వైపు తిరిగి "అల్లుడుగారి దగ్గర ఈ పిల్లచేష్టలేంటే? నా పరువు తీయకు" అన్నారు. నేను వీధిలోకి పరిగెత్తి కారు తలుపు పట్టుకున్నాను. పిచ్చుక అప్పటికే ఒళ్ళో ఎక్కి హారన్ కొడుతోంది. "టాటా అమ్మమ్మా" అంది. కారు కదిలింది. తలుపు నా చేతిలోంచి జారిపోయింది.

నువ్వు రాశావు చూడు, "దారిన పోయేవాళ్ళెవరూ చెప్పి ఉండరు, కారు నంబరుతో సహా పోలీసులకి చెప్పారంటే బాగా తెలిసినవాళ్ళే అయ్యుంటారు, ఎవరో కనుక్కో అమ్మా, వాళ్ళ నోరు పడిపోను" అని. నిజమే. బాగా తెలిసినవాళ్ళే.

నేనే చెప్పాను.

యూనిఫారాలు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడల్లా బడి గోడ మీద పోలీసులు రాయించిన ఫోను నంబరు చూస్తూనే ఉంటాను. అదే నొక్కాను. కారు నంబరు చెప్పాను, రంగు చెప్పాను, ఏ రోడ్డున వెళ్తోందో చెప్పాను. "నడిపేది మీకు తెలిసినవాళ్ళా?" అని అడిగింది అవతలి అమ్మాయి. "మా అల్లుడుగారమ్మా, ఒళ్ళో నా మనవరాలుంది, త్వరగా ఆపండి తల్లీ" అన్నాను. చూశావా, అప్పుడు కూడా "గారు" అనే అన్నాను. ఇప్పుడు కలం కూడా అదే రాస్తోంది. ఆ అలవాటు చచ్చినా పోదేమో.

బడి మలుపులో ఆపారు. జీపులో తెచ్చి దింపేదాకా నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. మీ నాన్నగారు హాయిగా గురక పెడుతున్నారు. పిచ్చుక జీపులోంచి దూకి పరిగెత్తుకుంటూ వచ్చింది. దానికి పండగలా ఉంది. "అమ్మమ్మా అమ్మమ్మా, నాన్నా నేనూ గొట్టం ఊదాం! నేను పాసు, నాన్న ఫెయిలు!" అంది. ఏడుస్తోందని ఎవరో పోలీసాయన దానిచేత కూడా ఊదించారట. దాన్ని పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు నీ పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా ఏడవలేదు.

ఆ రాత్రే మామా అల్లుళ్ళిద్దరూ కూర్చుని, పిల్ల కారులో ఉన్నట్టు నీకు చెప్పకూడదని తీర్మానం చేశారు. పరీక్షల ముందు నిన్ను కంగారు పెట్టకూడదట. నేనూ సరేనన్నాను, అది నా బుద్ధిలేనితనం. కానీ అక్కడితో ఆగలేదు. మీ నాన్నగారు పిచ్చుకని పిలిచి "గొట్టం సంగతి అమ్మకి చెప్పావంటే అమ్మ ఏడుస్తుంది" అని బెదిరించారు. అదీ, అది నీతో పొడిపొడిగా మాట్లాడ్డం వెనకున్న కథ. నోరు తెరిస్తే ఎక్కడ జారిపోతుందోనని ఆ పసిది పళ్ళు బిగించుకుని "ఆ... ఊ..." అంటోంది. తాగినవాళ్ళు బాగున్నారు, పోసినవాళ్ళు బాగున్నారు, పాసైన పిల్ల మాత్రం దొంగలా నోరు మూసుకుని తిరుగుతోంది. ఇది నేను భరించలేకపోయాను అమ్మడూ. అందుకే ఈ ఉత్తరం.

ఇక చివరి మాట. తెలిసిన ఆఫీసరు చేత చెప్పించి లైసెన్సు ముందుగానే ఇప్పించమని మీ నాన్నగారికి రాశావు. ఆయనకి అంతకన్నా కావలసిందేముంది? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరారు. "వెళ్ళండి. మీ వెనకాలే నేనూ వస్తాను. సీసా ఎవరు తెరిచారో, తాళం ఎవరు తీసిచ్చారో, ఫోను ఎవరు చేశారో ఆ ఆఫీసరుకి నేనే చెబుతాను" అన్నాను. ఆయన చొక్కా విప్పి కుర్చీకి తగిలించి కూర్చున్నారు. అప్పట్నుంచే ఈ మూతి ముడుపు. ఫోను చేసింది నేనేనని అల్లుడుగారికి ఇంకా తెలియదు. నువ్వే చెబుతావో, ఈ ఉత్తరమే చూపిస్తావో నీ ఇష్టం.

ఆయన చెడ్డవాడని నేను అనను. పిల్లంటే ప్రాణం. ఆ ప్రాణాన్నే ఒళ్ళో పెట్టుకుని తాగి కారు నడిపారన్నదే నా మంట. లైసెన్సు తిరిగొచ్చాక కూడా, తాగిన రోజున పిల్లను ఆ కారెక్కనివ్వను. నువ్వొచ్చి కాళ్ళు పట్టుకున్నా ఎక్కనివ్వను.

ఈసారి ఫోను చేసినప్పుడు పిచ్చుకని నువ్వే అడుగు, "గొట్టం ఊది పాసయ్యావటగా" అని. పాపం, ఎవరికైనా చెప్పుకోవాలని దానికి ఎప్పట్నుంచో ఉంది. నువ్వు ఏడవకుండా విను. ఆ పది నిమిషాలూ దానికే ఇవ్వు, మీ నాన్నగారికి ఈ వారం ఫోను అందనివ్వను.

నీ శాపం వెనక్కి తీసుకోమని నేను అడగను. తెలియక పెట్టావు. కానీ నా నోరు ఇంకా పడిపోలేదు. అల్లుడుగారు మళ్ళీ తాగి తాళం పట్టుకుంటే ఆ నోటితోనే మళ్ళీ చెబుతాను. నంబరు కోసం గోడ దాకా వెళ్ళక్కర్లేదు, కంఠతా వచ్చేసింది.

వేళకి తిను. బాగా చదువుకో.

ఇట్లు,
నోరింకా పడిపోని
మీ అమ్మ