అక్క రెండో సాక్ష్యం

జూలై 6, ఆదివారం
పారిపోయావు నువ్వు. పిరికివాడివి, దేవుడా.
ఈ డైరీ ఇంకెవరూ చదవరు కాబట్టి నీతోనే అంటున్నాను. ఇరవై ఏళ్లుగా నువ్వు లేవని వ్యాసాలు రాస్తూ, లేనివాణ్ణి నిలదీయడమేమిటంటావా? నా ఇష్టం. కేసు మా అక్కది. వకాల్తా నాది.

జూలై 7
విషయం ఇది. పోయిన నెల కంకిపాడు చర్చిలో అక్క లేచి సాక్ష్యం చెప్పింది — రొమ్ము క్యాన్సర్ పోయింది, ప్రభువు ముట్టాడు అని. అప్పటికి స్కాన్ రిపోర్టే రాలేదు. "విశ్వాసంతో ముందే చెప్పెయ్యాలమ్మా" అన్నారు పాస్టరుగారు. చప్పట్లు, స్తోత్రాలు. ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక, అందరికీ భోజనాలు.
నాలుగో రోజు రిపోర్టు. వెన్నెముకకి పాకింది.

జూలై 9
బెజవాడ ఆసుపత్రి. అక్క చేతికి సెలైన్.
"ఇంక చర్చికి వెళ్లనే. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? దొంగసాక్ష్యం చెప్పినట్టయింది."
చెప్పింది నువ్వా, చెప్పించినాయనా అన్నాను.
"పాస్టరయ్యగార్నేం అనకు. నాకు తగ్గుతుందన్న ఆశతోనే అన్నారాయన."
"మరి నీ దేవుణ్ణి అనొచ్చా?"
"ఆయన్ననుకో. పడతాడు."

జూలై 10
అక్కని ఇంటికి తెచ్చాను. చర్చి నుంచి ఇద్దరు వచ్చారు. "ఎక్కడో విశ్వాసం తగ్గుంటది వదినా…" నా నోరు లేచేలోపే అక్క — "ఈసారి తూకం వేయించుకుంటాలే. కాఫీ తాగండి."

జూలై 11
స్వస్థత ప్రార్థనల మీద వ్యాసం పూర్తి. అక్క కథే ఉదాహరణ. చదివి వినిపించాను.
"బాగా తిట్టావు. ఇందులో నేనెక్కడున్నానే?"
…ఫైలు మూసేశాను.

జూలై 12
కాలవకి నీళ్లొచ్చాయి. పొద్దున్నే అక్క మోకరించలేక, మంచం పట్టుకుని నిలబడే ప్రార్థన. ఏమన్నాడు నీ ప్రభువు అని అడిగాను.
"ఏవీ అన్లేదు."

జూలై 13, ఆదివారం
చర్చికి వెళ్తానంది. తీసుకెళ్లాను. నేను బయట, చెప్పుల దగ్గర.
సాక్ష్యాల వేళ పాస్టరుగారు అక్క వైపు చూడలేదు. తనే లేచింది.
"పోయిన నెల తొందరపడ్డానండీ. జబ్బు పోలేదు, వెన్నులోకొచ్చింది. ఎంత ప్రార్థించినా అట్నించి ఉలుకూ పలుకూ లేదు. వదిలేశాడేమో అని కూడా అనిపిస్తోంది. ఆయన మాట్లాడకపోతే నేనూ మాట్లాడకుండా కూర్చుంటాను. కానీ ఇక్కడే కూర్చుంటాను."
చప్పట్లు లేవు. ఫ్యాన్ల చప్పుడు.
వెనక వరసలో ఒకావిడ లేచింది. "మా ఆయనక్కూడా తగ్గలేదండీ. తగ్గిందని చెప్పాను." ఆ తర్వాత ఇంకొకావిడ. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకోలేదు.
నా వ్యాసంలో దీనికి చోటు లేదు.

జూలై 15
గురువారం మళ్లీ స్కాన్. నేను నమ్మను. ఈ మాట మారలేదు. కానీ నీ గుమ్మంలో మనిషి కూర్చుని ఉంది. అందుకని డిమాండ్లు —
1. అక్క నడుం నొప్పి తగ్గాలి. కనీసం మోకరించేంత.
2. విశ్వాసం తగ్గిందని ఆమెతో ఇంకెవరూ అనకూడదు.
3. రిపోర్టు ఏదైనా, కవరు విప్పేటప్పుడు నువ్వు పక్కన ఉండాలి. నేనుంటాను. నేనొక్కదాన్ని చాలను.
4. ఒక్క మాట మాట్లాడు. తనతో. నాతో అక్కర్లేదు.